రాత్రి ఫోను, పిల్లల నిద్ర, మనసు ఆరోగ్యము



గత సంచికలో షుగరు ఉన్నవారు పాదాలను ఎలా చూసుకోవాలో తెలుసుకున్నాము. ఈసారి పెద్దల జబ్బును పక్కన పెట్టి చదువుకునే పిల్లల గురించి రాస్తున్నాము.

మా ఓ.పి.కి ఇప్పుడు తలనొప్పి, కళ్ళు తిరగడం, గుండె దడ, ఆకలి మందగించడం అంటూ ఇంటర్, డిగ్రీ, ఇంజనీరింగ్ పిల్లలు చాలామంది వస్తున్నారు. బి.పి. చూస్తే బాగానే ఉంటుంది. ఈ.సి.జి. తీస్తే తేడా ఏమీ కనబడదు. "రాత్రి ఎన్నింటికి పడుకుంటావు బాబూ?" అని అడిగితే మాత్రం పిల్లవాడు తల్లి ముఖం వైపు చూస్తాడు. తల్లి వెంటనే "పదింటికే పడుకుంటాడు సిస్టరమ్మా" అంటుంది. ఆమె చెప్పేది నిజమే. పడుకోవడం పదింటికే, నిద్రపోవడం మాత్రం ఒంటిగంటకో రెండింటికో. మధ్యలోని ఆ మూడు నాలుగు గంటలు దుప్పటి కింద ఫోనుతో గడిచిపోతున్నాయి. ఆ గంటలలో పిల్లల శరీరానికి, మనసుకు ఏమి జరుగుతున్నదో ఈ పాఠంలో తెలుసుకుందాము.

ముందుగా ఒక మాట. ఫోను మీద కోపంతో మేము ఇది రాయడం లేదు. 2016 తరువాత డేటా చౌక అయింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు స్కూళ్ళే పిల్లల చేతికి ఫోను ఇవ్వమని చెప్పాయి. అప్పు చేసి ఫోను కొన్న తల్లిదండ్రులు మాకు తెలుసు. ఆరవ తరగతిలో పాఠాల కోసం ఇచ్చిన ఫోను ఈరోజు ఇంటర్‌కు వచ్చిన పిల్లవాడి చేతిలో ఉంటే, తప్పంతా వాడిదే అనడం న్యాయం కాదు.

ఎంత నిద్ర కావాలి?

13 నుండి 18 సంవత్సరాల వయసు వారికి రోజుకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరమని అమెరికాలోని నిద్ర వైద్య నిపుణుల సంఘం 2016లో ప్రకటించింది. 18 దాటిన వారికి కనీసం 7 గంటలు కావాలి. మన ఇళ్ళలో లెక్క వేసి చూడండి. ఆరు గంటల ట్యూషన్‌కు వెళ్ళే పిల్లవాడు అయిదింటికి లేవాలి. ఒంటిగంటకు నిద్రపోతే వాడికి దక్కేది నాలుగు గంటలు. రోజుకు నాలుగు గంటల బాకీ చొప్పున సోమవారం నుండి శనివారం వరకు ఎంత బాకీ పడిందో మీరే కూడండి. ఆదివారం ఆరాధనలో వెనుక బెంచీల మీద యవ్వనస్థులు కునికిపాట్లు పడుతుంటే పెద్దలు భక్తి తగ్గిందని బాధపడుతున్నారు. నిద్ర కూడా తగ్గిందేమో చూడమని మా మనవి.

ఇంకొక సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. యుక్తవయసు రాగానే శరీరంలోని గడియారం సహజంగానే గంట రెండు గంటలు వెనక్కి జరుగుతుంది. చిన్నప్పుడు తొమ్మిదింటికే ఒరిగిపోయిన పిల్లకు పదహారేళ్ళ వయసులో పదకొండు దాకా నిద్ర రాకపోవడం సోమరితనమూ కాదు, మొండితనమూ కాదు. అసలే ఆలస్యంగా వచ్చే నిద్రను ఫోను ఇంకా ఆలస్యం చేస్తున్నది. తెల్లవారుజామున లేవవలసిన సమయం మాత్రం మారడం లేదు.

శరీరంలో జరిగేది

మెదడు మధ్యలో పీనియల్ అనే చిన్న గ్రంథి ఉంది. చీకటి పడగానే అది మెలటోనిన్ అనే హార్మోనును విడుదల చేస్తుంది. ఈ మెలటోనిన్‌ను 1958లో లెర్నర్ అనే వైద్యుడు, ఆయన తోటివారు కనుగొన్నారు. "రాత్రి అయింది, విశ్రాంతికి సిద్ధపడు" అని శరీరానికి చాటింపు వేయడం దాని పని. కంటిలో పడిన వెలుతురు మెదడులోని గడియారానికి చేరితే ఆ చాటింపు వాయిదా పడుతుంది. ముఖ్యంగా నీలి రంగు ఎక్కువగా ఉన్న తెల్లని వెలుతురుకు ఈ గుణం ఎక్కువ. ఫోనును ముఖానికి జానెడు దూరంలో పెట్టుకొని చూస్తాము కనుక ఆ వెలుతురు నేరుగా కంటిలో పడుతుంది.

దీనిని అమెరికాలో పరీక్షించి చూశారు. 2015లో వెలువడిన ఆ పరిశోధనలో 12 మంది కొన్ని రోజులు నిద్రకు ముందు నాలుగు గంటలు వెలుగు తెర మీద పుస్తకం చదివారు, మరికొన్ని రోజులు అచ్చు పుస్తకం చదివారు. తెర మీద చదివిన రోజులలో మెలటోనిన్ గంటన్నరకు పైగా ఆలస్యమైంది. నిద్ర పట్టడానికి సుమారు పది నిమిషాలు ఎక్కువ పట్టింది. మరుసటి ఉదయం మత్తు కూడా ఎక్కువసేపు ఉంది.

అయితే నిద్ర పట్టడంలో వచ్చిన తేడా పది నిమిషాలే. మన పిల్లలు పోగొట్టుకుంటున్నది మూడు గంటలు. మిగిలినదంతా ఎక్కడికి పోతున్నది?

వెలుతురు ఒక్కటే కారణం కాదు

"మా ఫోనులో నైట్ మోడ్ పెట్టాను ఆంటీ, తెర పసుపు రంగులోకి మారుతుంది, ఇంక ఏమీ కాదు" అని పిల్లలు మాకే పాఠం చెబుతుంటారు. ఈ విషయాన్ని 2021లో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం వారు 167 మంది యువతీయువకులలో పరిశీలించారు. కొందరు పడుకునే ముందు తెర రంగు మార్చి ఫోను చూశారు, కొందరు మార్చకుండా చూశారు, మరికొందరు ఫోను ముట్టుకోలేదు. తెర రంగు మార్చినందువల్ల నిద్రలో మేలు కనబడలేదు. మామూలుగా కంటినిండా నిద్రపోయే అలవాటు ఉన్నవారిలో మాత్రం, ఫోను ముట్టని వారికి నిద్ర కొంత మెరుగ్గా ఉంది.

కాబట్టి రంగు కంటే, అందులో చూసేదే పెద్ద సమస్య అని మా అభిప్రాయం. పూర్వం వారపత్రికలో సీరియల్ చదివితే చివర "సశేషం" అని ఉండేది. పుస్తకం మూసి పడుకునేవాళ్ళము. సినిమాకు వెళితే శుభం కార్డు పడేది. రీల్సుకు శుభం కార్డు లేదు. ఒకటి అయ్యేలోపే రెండవది వచ్చేస్తుంది. ఆపడం అనే పని పూర్తిగా పిల్లవాడి మీద పడుతుంది, అదీ బుర్ర అలసిపోయిన రాత్రి పన్నెండు గంటలకు. పెద్దవాళ్ళమైన మనమే ఆపలేకపోతున్నాము కదా!

ఆటల సంగతి వేరు. ఆటలో శత్రువు ఎదురైనప్పుడు గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. ఆట ముగిసి ఫోను పక్కన పెట్టినా శరీరం వెంటనే చల్లబడదు. దానికన్నా కష్టమైనది ఎదురుచూపు. స్నేహితురాలికి మెసేజ్ పెట్టారు, రెండు నీలి టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం రాలేదు. పెద్దలకు అది చిన్న విషయమే. పదిహేడేళ్ళ పిల్లకు ఆ రాత్రి నిద్ర పోయినట్లే. ఫోను దిండు కింద ఉంటే చాలు, మోగకపోయినా చెవి అటే ఉంటుంది. 2016లో ఇరవై పరిశోధనలను, అంటే లక్షా ఇరవై అయిదు వేల మందికి పైగా పిల్లల వివరాలను, కలిపి పరిశీలించిన నిపుణులకు కూడా ఇదే కనిపించింది. పడుకునే వేళ ఫోను వాడే పిల్లలలో నిద్ర చాలకపోవడం ఎక్కువగా ఉంది. వాడకపోయినా పక్కన అందుబాటులో పెట్టుకున్న పిల్లలలో కూడా నిద్ర సరిగా లేదు.

మన దగ్గర మరో చిక్కు ఉంది. చాలా రీఛార్జిలలో రోజువారీ డేటా అర్ధరాత్రితో ముగిసి మళ్ళీ కొత్తగా మొదలవుతుంది. మిగిలిన డేటా వృథా అవుతుందని పదకొండు నుండి పన్నెండు దాకా చూసేవారు కొందరు, పన్నెండు దాటితే కొత్త డేటా వస్తుందని మేలుకొని ఉండేవారు మరికొందరు. డబ్బు కట్టిన డేటా వృథా కాకూడదని నిద్రను వృథా చేస్తున్నారు.

చదువు కోసమే మేలుకొంటున్నాను అంటే?

రాత్రి రెండు దాకా చదివితే ర్యాంకు వస్తుందని మన ఇళ్ళలో గట్టి నమ్మకం ఉంది. దీపం ముందు కూర్చొని చదివి పైకి వచ్చిన పెద్దల కథలు విని పెరిగాము కనుక అది సహజమే. కానీ చదివినది గుర్తుండాలంటే నిద్ర కావాలని తెలిసి వంద సంవత్సరాలు దాటింది. 1924లో జెన్‌కిన్స్, డాలెన్‌బాక్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఇద్దరు విద్యార్థులకు అర్థం లేని అక్షరాల జాబితాలను కంఠస్థం చేయించారు. కొన్నిసార్లు కంఠస్థం చేయగానే నిద్రపోనిచ్చారు, కొన్నిసార్లు పగలు మామూలు పనులలో ఉండనిచ్చారు. ఎనిమిది గంటల తరువాత అడిగితే, నిద్రపోయి లేచినప్పుడు సగం దాకా గుర్తున్నాయి. మెలకువగా గడిపినప్పుడు చాలా కొద్దిగా మాత్రమే గుర్తున్నాయి.

పగలంతా విన్న పాఠాలను మెదడు రాత్రి గాఢనిద్రలో సర్దుకుంటుంది. ఇంటికి తెచ్చిన సరుకులను అమ్మ డబ్బాలలో పోసి అరల్లో పెట్టినట్టు అనుకోండి. సర్దడానికి వ్యవధి ఇవ్వకపోతే సరుకు ఇంట్లోనే ఉంటుంది, కావలసినప్పుడు చేతికి దొరకదు. పరీక్ష హాలులో "చదివాను కానీ గుర్తు రావడం లేదు" అనే పిల్లల బాధ చాలావరకు ఇదే. నీట్, ఈఏపీసెట్ వంటి పరీక్షలకు తయారయ్యే పిల్లలు చివరి నెలలో నిద్రను తగ్గించుకోవడం ఆనవాయితీ అయిపోయింది. అది లాభసాటి బేరం కాదు.

మనసు మీద ప్రభావము

నిద్ర లేని పసిబిడ్డ ఊరికే ఏడుస్తుందని ప్రతి తల్లికీ తెలుసు. పదిహేడేళ్ళ బిడ్డ కూడా అంతే. కాకపోతే ఏడవడు, విసుక్కుంటాడు, తలుపు వేసుకుంటాడు. 2007లో ఒక పరిశోధనలో ఆరోగ్యంగా ఉన్న యువతను ఒక రాత్రి నిద్ర లేకుండా ఉంచి, మరునాడు బాధ కలిగించే బొమ్మలు చూపించారు. భయాన్ని, కోపాన్ని పుట్టించే మెదడు భాగం, నిద్రపోయిన వారిలో కంటే వీరిలో 60 శాతం ఎక్కువగా స్పందించింది. ఆ భాగాన్ని అదుపులో ఉంచే ముందు మెదడుతో దానికి ఉన్న సంబంధం కూడా బలహీనపడింది. అమ్మ "అన్నం తిన్నావా?" అని అడిగినా నిద్ర లేని చెవికి తిట్టినట్టే వినబడుతుంది.

ఇది ఒక వైపు నుండి జరిగే పని కాదు. నిద్ర తగ్గితే దిగులు పెరుగుతుంది, దిగులు పెరిగితే నిద్ర తగ్గుతుంది. అందుకే ఫోను చూస్తున్నందువల్ల నిద్ర పోయిందా, నిద్ర రానందువల్ల ఫోను చూస్తున్నదా అనేది తొందరపడి తేల్చకూడదు. ఇక్కడ ఒక అమ్మాయి సంగతి చెప్పాలి. ఎవరో తెలియకుండా ఉండేందుకు ఊరు, కాలేజీ చెప్పడం లేదు.

ఇంటర్ రెండవ సంవత్సరం బైపీసీ చదువుతున్న ఆ అమ్మాయిని తల్లి తీసుకొచ్చింది. "రాత్రంతా ఫోనే అండి. వాళ్ళ నాన్న రెండుసార్లు లాక్కున్నాడు, ఒకసారి గోడకేసి కొట్టాడు కూడా. అయినా మారలేదు" అన్నది. బరువు చూస్తే మూడు నెలల్లో ఆరు కిలోలు తగ్గింది. తల్లిని బయట కూర్చోబెట్టి మా సిస్టరు ఒక్కతే మాట్లాడింది. చాలాసేపు ఏమీ చెప్పలేదు. చివరికి ఇలా అన్నది: "ఫోను చూడాలని లేదక్కా. చూసింది ఏదీ గుర్తు కూడా ఉండదు. ఫోను ఆపితే ఆలోచనలు వస్తాయి. అవి రాకూడదని చూస్తున్నా." ఎప్పటికో నిద్రపోయినా తెల్లవారుజామున మూడున్నరకే మెలకువ వచ్చేస్తుందట. ఇష్టంగా వేసే ముగ్గులు వేయడం మానేసింది. సగం మార్కులు కూడా రావని, ఇంటికి బరువు అయ్యానని, తాను లేకపోతేనే మేలని ఆ బిడ్డ అనుకుంటున్నది.

అది ఫోను పిచ్చి కాదు, డిప్రెషన్ అనే జబ్బు. డాక్టరుగారు చూసి అదే రోజు మానసిక వైద్యుని దగ్గరకు పంపించారు. మందులు, కౌన్సెలింగ్ మొదలయ్యాయి. తండ్రిని పిలిచి మాట్లాడితే ఆయన మా వరండాలోనే ఏడ్చాడు. ఆ సంవత్సరం ఆమె రెండు సబ్జెక్టులు తప్పింది, సప్లిమెంటరీలో పాసైంది. ఇప్పటికీ మందుల కోసం నెలకోసారి వస్తుంది, వచ్చినప్పుడల్లా మా సిస్టరును వెదికి పలకరించి వెళుతుంది. ఆ రోజు తల్లి లేకుండా మాట్లాడే అవకాశం రాకపోతే ఏమయ్యేదో మేము ఊహించడానికి ఇష్టపడము.

మగపిల్లల విషయంలో ఇంకొకటి కూడా చూస్తున్నాము. బెట్టింగ్ యాప్‌లు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్ర ప్రభుత్వం కూడా చట్టం తెచ్చింది. అయినా దొంగదారులు ఉన్నాయి. క్రికెట్ మ్యాచ్ అయిపోయి ఇల్లంతా నిద్రపోయాక పిల్లవాడు మేలుకొని ఉంటే అది ఆట మీద ఇష్టం కాకపోవచ్చు. తీర్చలేని బాకీ కావచ్చు. ఆడపిల్లలకైతే ఫొటోలు పెట్టి బెదిరించే దుర్మార్గులు రాత్రిళ్ళే మెసేజ్‌లు పంపుతారు. ఇటువంటి సందర్భాలలో 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు. ముందు ఇంట్లో "ఏం జరిగినా నాతో చెప్పు, నిన్ను కొట్టను" అనే ధైర్యం ఆ బిడ్డకు ఉండాలి.

ఈ గుర్తులు కనబడితే ఆలస్యం చేయవద్దు: రెండు వారాలకు పైగా ముభావంగా ఉండడం, ఇష్టమైన పనులు మానేయడం, తిండి బాగా తగ్గడం, "నేను లేకపోతే మీకు హాయి" వంటి మాటలు, ఇష్టమైన వస్తువులను ఇతరులకు పంచేయడం, చేతుల మీద గాయాలను పొడుగు చేతుల చొక్కాతో దాచుకోవడం. "చచ్చిపోవాలనిపిస్తుందా?" అని నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. అడిగితే బిడ్డకు బరువు దిగుతుంది. అటువంటి మాట వస్తే బిడ్డను ఒంటరిగా వదలకుండా, ఇంట్లో ఉన్న పురుగుమందులు, మాత్రలు తీసివేసి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. 2022 అక్టోబరు 10న ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్‌కు, 14416 నంబరులో, రాత్రి పగలు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. పోలీసు కేసు అవుతుందని భయపడి దాచిపెట్టే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ప్రాణం తీసుకోబోయిన వ్యక్తిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవానిగా భావించి శిక్ష కాక చికిత్స ఇవ్వాలని చెబుతున్నది.

ఇంట్లో చేయగలిగినవి

ఫోను లాక్కోవడంతో మొదలుపెట్టకండి. లాక్కుంటే రెండవ ఫోను దొరుకుతుంది, అబద్ధం మొదలవుతుంది. ఇంట్లో అందరి ఫోన్లకూ రాత్రి ఒకే చోటు ఏర్పాటు చేయండి. ఫ్రిజ్ పైన కావచ్చు, వంటగది అరలో కావచ్చు. అందరి ఫోన్లూ అంటే నాన్నగారిది కూడా. హాలులో నాన్న రీల్సు చూసి నవ్వుతుంటే గదిలో కొడుకును పడుకోమనడం కుదరదు. మా దగ్గరకు వచ్చిన ఒక నాయనమ్మ తన ఇంట్లో ఫోన్లన్నీ రాత్రి పదింటికి ఖాళీ బియ్యం డబ్బాలో పెట్టి మూత మీద కూర్చుంటానని చెప్పింది. ఆమె చెప్పినది నవ్వులాటకే, కానీ ఆ ఇంట్లో పద్ధతి మూడు నెలలుగా సాగుతున్నది.

ఒకే గది ఉన్న ఇళ్ళు మన సంఘాలలో చాలా ఉన్నాయి. అక్కడ టీవీ కూడా అదే గదిలో ఉంటుంది. పరీక్షల కాలంలోనైనా టీవీని తొమ్మిదిన్నరకు ఆపగలిగితే పిల్లలకు మేలు. వేసవిలో డాబా మీద పడుకునేవారు ఫోను కింద వదిలి పైకి వెళ్ళడం తేలికైన ఉపాయం.

"అలారం కోసం ఫోను కావాలి కదా" అంటారు. కీ ఇచ్చే గడియారమో, బ్యాటరీ గడియారమో ఒకటి కొనండి. ఒక నెల రీఛార్జి కంటే చౌకగానే దొరుకుతుంది.

గల్ఫ్‌లో తండ్రి ఉన్న కుటుంబాలకు వేరే ఇబ్బంది ఉంది. మనకు రాత్రి పదిన్నర అయినప్పుడు దుబాయిలో తొమ్మిది, కువైట్‌లో ఎనిమిది. ఆయన పని ముగించుకొని వండుకొని ఫోను చేసేసరికి ఇక్కడ పిల్లలు పడుకునే వేళ అవుతుంది. నాన్నతో మాట్లాడవద్దని మేము చెప్పము. ఆ మాట పిల్లల మనసుకు మందు వంటిది. కాకపోతే మాట్లాడడం అయ్యాక ఫోను అమ్మ చేతికి రావాలి. వారాంతంలో సెలవు రోజున పగలు ఎక్కువసేపు మాట్లాడుకునే ఏర్పాటు చేసుకుంటే ఇంకా మంచిది.

నిద్రలేచే సమయాన్ని స్థిరంగా ఉంచడం పడుకునే సమయం కంటే ముఖ్యము. ఆదివారమైనా గంటకు మించి ఎక్కువ పడుకోనివ్వకండి. పదకొండింటి దాకా పడుకుంటే శరీర గడియారం జరిగిపోయి ఆ రాత్రి మళ్ళీ నిద్ర రాదు. పొద్దున లేవగానే కాసేపు ఎండలో తిరగమనండి. ఉదయపు వెలుతురు గడియారాన్ని సరిచేస్తుంది. సాయంత్రం నాలుగు దాటాక కాఫీ, టీ, డబ్బా ఎనర్జీ డ్రింకులు వద్దు. తాగిన కెఫీన్‌లో సగం సుమారు అయిదు గంటల తరువాత కూడా ఒంట్లోనే ఉంటుంది. పడుకున్నాక ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే మంచం మీద దొర్లవద్దు. లేచి కూర్చొని, మసక వెలుతురులో ఏదైనా పుస్తకం తిరగేసి, కళ్ళు బరువెక్కాక మళ్ళీ పడుకోవాలి. ఫోను మాత్రం ముట్టకూడదు. "ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు" అని పెద్దలు అన్నారు. పగలు ఒళ్ళు కదిలించి ఆడుకున్న పిల్లవాడికి పట్టుపరుపు అవసరం లేదు.

మా నర్సింగ్ స్కూలు పిల్లలకు నైట్ డ్యూటీ పడినప్పుడు వారు పగలు పడుకోవాలి. కిటికీకి దుప్పటి కట్టి, ఫోను వార్డెను దగ్గర పెట్టి పడుకున్నవారు రెండవ రాత్రి డ్యూటీలో చురుకుగా ఉంటారు. ఫోను దగ్గర పెట్టుకున్నవారిని మందుల ట్రే పట్టుకున్న చేతులను చూసి పోల్చవచ్చు. ముప్పై ఏళ్ళుగా రాత్రి డ్యూటీలు చేయించేవాళ్ళము, మాకు దీనికి పరిశోధన అక్కరలేదు.

మందుల షాపులో నిద్రమాత్రలు అడిగి పిల్లలకు వేయకండి. ఆల్ప్రజోలాం వంటి మాత్రలు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అలవాటు పడితే మానడం కష్టము. జలుబు మాత్ర, దగ్గు మందు వేసి నిద్రపుచ్చడం కూడా తగదు.

కాలేజీ అధ్యాపకులు మన సంఘాలలో చాలామంది ఉన్నారు. రాత్రి పదిన్నరకు వాట్సాప్ గ్రూపులో నోట్సు పెట్టి ఉదయానికి రాసుకు రమ్మంటే పిల్లలు ఫోను పక్కన పెట్టేది ఎలా? సాయంత్రం ఏడులోపు పంపించమని మా మనవి.

అన్నీ ఫోను వల్లే కాదు

ఫోను దూరం పెట్టి మూడు వారాలైనా పగలు నిద్రమత్తు తగ్గకపోతే పరీక్షలు చేయించాలి. ఆడపిల్లలలో రక్తహీనత చాలా ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుండి 19 ఏళ్ళ ఆడపిల్లలలో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐరన్ తక్కువైతే రాత్రిళ్ళు కాళ్ళు లాగి, కదిలించకుండా ఉండలేక నిద్ర పట్టదు. థైరాయిడ్ చూడాలి. గట్టిగా గురకపెట్టి మధ్యమధ్య ఊపిరి ఆగినట్టు ఉంటే గొంతు, ముక్కు వైద్యునికి చూపించాలి.

మా దగ్గరకు వచ్చే ముందు రెండు వారాలు నిద్ర డైరీ రాయించండి. పెద్ద పని కాదు. పాత నోటుబుక్కులో రోజుకు ఒక వరుస చాలు: ఎన్నింటికి మంచం ఎక్కారు, చివరిసారి ఫోను ఎన్నింటికి చూశారు, ఎన్నింటికి నిద్ర పట్టిందనుకుంటున్నారు, మధ్యలో ఎన్నిసార్లు లేచారు, పొద్దున ఎన్నింటికి లేచారు, లేచాక మనసు ఎలా ఉంది. పిల్లవాడే రాయాలి, అమ్మ తొంగి చూడకూడదు. ఓ.పి.లో మేము మరికొన్ని ప్రశ్నల కాగితం ఇస్తాము. నిద్ర నాణ్యతను కొలిచే ఆ ప్రశ్నావళి 1989 నుండి ప్రపంచమంతటా వాడుకలో ఉంది. మొత్తం 21 మార్కులు. ఇది పరీక్షకు తలకిందులు, మార్కులు ఎంత ఎక్కువ వస్తే నిద్ర అంత చెడ్డది. 5 దాటితే శ్రద్ధ పెట్టాలి.

వచ్చినప్పుడు మొదట బిడ్డతో పాటు మిమ్మల్ని, తరువాత బిడ్డను ఒక్కరినే లోపలికి పిలుస్తాము. అప్పుడు మీరు వరండాలో కూర్చోవాలి, అనుమానపడవద్దు. ప్రాణాపాయం ఉన్న సంగతి అయితే తప్ప బిడ్డ చెప్పినది బయట చెప్పము. ఈ మాట బిడ్డకు కూడా ముందే చెబుతాము. డైరీ రాయలేకపోయినా, కాలేజీకి సెలవు దొరకకపోయినా ఆగిపోవద్దు. సాయంత్రం ఓ.పి.కి రండి. చీటీ రాసే చోట "నిద్ర విషయం" అని చెబితే చాలు.